క్యాను ఇవ్వరు, క్యానులో పొయ్యరు

“బండి తీసుకురండి, పోస్తాం.”

సార్వా కోతలప్పుడు డెల్టా రైతు బంకు దగ్గర వింటున్న మాట ఇది. మొన్నటి కోతల్లో మా సభ్యుడి పొలంలో చైను మిషను డీజిలు అయిపోయి నడి మడిలో ఆగిపోయింది. పైన మబ్బు పట్టి ఉంది. ఆయన, మిషను డ్రైవరు మోటారు సైకిలు మీద క్యాను పెట్టుకుని బంకుకు పోతే ఈ మాట చెప్పి వెనక్కి పంపారు. చైను మిషను తారు రోడ్డు మీద నడిచేది కాదు. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే దాన్నే లారీ ఎక్కించాలి. దాన్ని బంకుకు ఎలా తెస్తారో ఆ కుర్రాడికీ తెలియదు, అతనికి ఆ మాట చెప్పిపెట్టిన పెద్దలకూ తెలియదు.

మిషను ఒక్కటే కాదు. తోట్లవల్లూరు, కొల్లూరు వైపు లంకల్లో ఏటి ఒడ్డున బిగించిన ఆయిలు ఇంజనును ఎవరు మోసుకెళ్ళాలి? కాలువ చివర నాగాయలంక, కోడూరు శివారు భూముల్లో మురుగు కాలువ నుంచి నీళ్ళు తోడే ఇంజనును? కైకలూరు, కలిదిండి చెరువుల గట్ల మీద కరెంటు పోగానే తిప్పాల్సిన జనరేటరును? మినుము మీద మందు కొట్టే తైవాను స్ప్రేయరును వీపున తగిలించుకుని బంకు ముందు వరుసలో నిలబడమంటారా? వ్యవసాయంలో సగం యంత్రాలు ఇంధనం దగ్గరకు వెళ్ళలేవు. ఇంధనమే వాటి దగ్గరకు రావాలి. డబ్బాలో తప్ప అది ఇంకెలా వస్తుంది?

ఒక్క రోజు ఆలస్యం ఎంత ఖరీదో డెల్టా రైతుకు చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోసిన పనలు నీళ్ళలో తేలాయి. కోయని చేలు పడిపోయాయి. ముందు రోజు వరకు మిషను దొరికినవాళ్ళు కొంత దక్కించుకున్నారు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద పోయినప్పుడు, నీరు తీశాక లంక పొలాల్లో నిలిచిన నీటిని తోడింది ఈ ఆయిలు ఇంజన్లే. అయిదు హార్సుపవరు ఇంజను గంటకు దాదాపు లీటరు తాగుతుంది. కోత మిషను రోజంతా తిరిగితే దాదాపు వంద లీటర్లు కావాలి. ఇవేమీ దాచుకోవడానికి అడిగే లెక్కలు కావు.

బంకులో పొయ్యకపోతే రైతు ఇంటికి వెళ్ళి పడుకోడు. ఊరి మొదట్లో బడ్డీ కొట్టు ఉంటుంది. అక్కడ మంచినీళ్ళ సీసాల్లో, కూల్ డ్రింకు సీసాల్లో పెట్రోలు వరుసగా పేర్చి ఉంటుంది. ఎండ తగిలి సీసా ఉబ్బి ఉంటుంది. పక్కనే బజ్జీల పొయ్యి. లీటరుకు పదో ఇరవయ్యో ఎక్కువ. కల్తీ ఉందో లేదో దేవుడికే తెలియాలి. బంకులో పొయ్యొద్దన్న ఆదేశం ఊళ్ళో తెచ్చిన భద్రత ఇదీ. ప్రమాదం తగ్గలేదు. బంకు నుంచి బయలుదేరి జనం మధ్యకు వచ్చి కూర్చుంది.

పోలీసుల వాదన మాకు తెలియక కాదు. 2019 నవంబరులో తెలంగాణలోని అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఒక మహిళా తహసీల్దారును భూమి తగాదాలో ఆమె కార్యాలయంలోనే పెట్రోలు పోసి తగలబెట్టారు. అదే నెలాఖరున హైదరాబాదు శివార్లలో జరిగిన ఘోరంలోనూ పెట్రోలే వాడారు. ఆ తర్వాత విడి పెట్రోలు మీద కట్టడి మొదలైంది. మన రాష్ట్రంలో 2024 ఎన్నికల పోలింగు తర్వాత పల్నాడులో గొడవలు జరిగాక, జూన్ 4 ఓట్ల లెక్కింపు ముందు, సీసాల్లో డబ్బాల్లో పెట్రోలు పొయ్యొద్దని బంకులకు ఆదేశాలు వెళ్ళాయి. ఆ రోజుల్లో అది అవసరమే అనుకుందాం. మనిషి మీద పెట్రోలు పోసేవాణ్ణి ఆపాల్సిందే, మేమూ ఒప్పుకుంటాం. కానీ అలాంటివాడికి కావలసింది అరలీటరు. అది వాడి మోటారు సైకిలు ట్యాంకులోనే ఉంది. పైపు పెడితే వస్తుంది. ఇరవై లీటర్ల డీజిలు కోసం ఒంటి నిండా బురదతో నిలబడ్డ రైతును ఆపితే ఏ నేరం ఆగింది? ఎన్నికలు అయిపోయినా కొన్ని బంకుల్లో “పై నుంచి ఆర్డరు” అనే మాట మాత్రం మిగిలిపోయింది. ఆ ఆర్డరు కాగితం చూపించమంటే చూపించేవాడు లేడు.

చట్టం ఏం చెబుతోందో సభ్యులందరూ తెలుసుకోవాలి. 1934 నాటి పెట్రోలియం చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. దాని 8వ సెక్షను ప్రకారం అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి 30 లీటర్ల వరకు పెట్రోలును లైసెన్సు లేకుండా తీసుకెళ్ళవచ్చు, ఉంచుకోవచ్చు. అయితే దేనిలో ఉంచాలో కూడా అదే సెక్షను చెప్పింది. గట్టిగా మూత బిగించిన గాజు, పింగాణీ లేదా లోహపు పాత్రలో ఉంచాలి. గాజు, పింగాణీ అయితే లీటరు మించకూడదు. లోహపుదైతే 25 లీటర్లు మించకూడదు. ప్లాస్టిక్ మాట అందులో లేదు. డీజిలుకు 7వ సెక్షను ఇంకా వెసులుబాటు ఇచ్చింది. ఒకచోట మొత్తం 2,500 లీటర్లు మించకుండా, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లు మించకుండా ఉంటే లైసెన్సు అక్కర్లేదు. ఆ పైన 2002 నాటి పెట్రోలియం నిబంధనలు ఉన్నాయి. వాటి ప్రకారం లీటరు మించిన పెట్రోలు డబ్బా గానీ, అయిదు లీటర్లు మించిన డీజిలు డబ్బా గానీ నాగపూరులోని పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఆమోదించిన రకానిదై ఉండాలి.

అంటే రైతు డబ్బాలో ఇంధనం తీసుకెళ్ళడం నేరం కాదు. తగని డబ్బాలో తీసుకెళ్ళడం తప్పు. బంకువాళ్ళ మీదా లైసెన్సు షరతులు ఉన్నాయి, మంచినీళ్ళ సీసాలో పొయ్యనంటే వాళ్ళను తప్పు పట్టలేం. అక్కడిదాకా న్యాయమే. మరి ఆమోదించిన ఆ క్యాను ఎక్కడ దొరుకుతుంది? ఉయ్యూరులో అడగండి, గుడివాడలో అడగండి, అవనిగడ్డలో అడగండి. ఎరువుల కొట్టులో ఉండదు, హార్డ్‌వేరు కొట్టులో ఉండదు, బంకులోనూ ఉండదు. పొయ్యనని చెప్పే బంకు, పొయ్యదగిన క్యానును పక్కన పెట్టి అమ్మదు. ప్రభుత్వం రాయితీ మీద స్ప్రేయర్లు పంచింది. కోత మిషన్లకు, ట్రాక్టర్లకు సబ్సిడీలు ఇచ్చింది. ఫొటోలు దిగింది. వాటిలో పోసే ఇంధనాన్ని ఇంటికి తెచ్చుకునే ఇనుప క్యాను ఒక్కటి ఏ పథకంలోనూ మా సభ్యుల కంటబడలేదు.

ఇక కౌలు రైతు సంగతి. కొన్నిచోట్ల బంకువాళ్ళు దయతలచి “పట్టాదారు పాసుపుస్తకం జిరాక్సు, ఆధారు తెస్తే క్యానులో పోస్తాం” అంటున్నారు. వినడానికి బాగానే ఉంది. డెల్టాలో దున్నేవాళ్ళలో ఎక్కువమంది కౌలుదార్లు. పాసుపుస్తకం విజయవాడలోనో హైదరాబాదులోనో ఉన్న ఆసామి బీరువాలో ఉంటుంది. 2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డుకే ఆసామి సంతకం దొరక్క తిరుగుతుంటే, ఇప్పుడు డీజిలుకు కూడా ఆయన పుస్తకమే కావాలట. అప్పుకు పుస్తకం, పరిహారానికి పుస్తకం, చివరికి పది లీటర్ల ఆయిలుకూ పుస్తకం.

ఇంతవరకు ఎదుటివాళ్ళ సంగతి. మన సంగతి కూడా మాట్లాడకపోతే ఈ వ్యాసం రాయడం దండగ.

మన ఇళ్ళలో, కొట్టాల్లో డీజిలు దేనిలో ఉంది? పామాయిలు వచ్చిన పదిహేను లీటర్ల తెల్ల క్యానులో. పురుగుమందు డబ్బాలో. ఇరవై లీటర్ల మినరల్ వాటరు టిన్నులో. మూత పోతే గుడ్డ కుక్కి, లేదా పాలిథిన్ కవరు చుట్టి రబ్బరు బ్యాండు వేసి. నూనె క్యాను ఒక్కసారి నూనె పొయ్యడానికి చేసింది. ఎండకు నాలుగు నెలల్లో పెళుసెక్కుతుంది. పిడి దగ్గర సన్నగా చిట్లుతుంది. ఆ చిట్లు ఎప్పుడు కనిపిస్తుందంటే మోటారు సైకిలు వెనక కూర్చున్నవాడి ప్యాంటు తడిశాక.

“డీజిలు అంటుకోదులే” అనే నమ్మకం ఒకటి మనలో బలంగా ఉంది. అగ్గిపుల్ల వేసినా ఆరిపోతుందని చూపించేవాళ్ళూ ఉన్నారు. దీని వెనక ఒక లెక్క ఉంది. ఏ ఇంధనానికైనా ఒక వేడి దగ్గర పైకి లేచే ఆవిరి నిప్పు తగిలితే మండేంత అవుతుంది. పెట్రోలుకు అది సున్నా కంటే దాదాపు 40 డిగ్రీలు కింద. అంటే మన దగ్గర పెట్రోలు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటుంది, సంక్రాంతి చలిలో కూడా. డీజిలుకు మన దేశ ప్రమాణం ప్రకారం అది కనీసం 35 డిగ్రీలు. విజయవాడలో మే నెల ఎండ 45 తాకడం మనకు కొత్త కాదు. ట్రాక్టరు ట్రక్కులో, రేకుల షెడ్డు కింద ఎండలో పడి ఉన్న క్యానులో డీజిలు గాలి కంటే ఇంకా వేడెక్కుతుంది. చల్లని పూట అగ్గిపుల్లకు అంటుకోని డీజిలు ఎండాకాలం మధ్యాహ్నం అంటుకుంటుంది. దానిలో కాస్త పెట్రోలు కలిసిందంటే, పెట్రోలు పోసిన క్యానులోనే డీజిలు పట్టినా, ఇక దాన్ని పెట్రోలనే అనుకోవాలి.

పెట్రోలు ఆవిరి గాలి కంటే మూడు నాలుగింతలు బరువు. పైకి పోదు. నేల మీద పాకుతూ గట్టు దిగి, గది మూలకు చేరి, అక్కడ బీడీ ముక్క కోసం కాచుకుని ఉంటుంది. మా సంఘం సభ్యుడొకరు గత మినుము కాలంలో స్ప్రేయరు ఆపీ ఆపకముందే ట్యాంకులో పెట్రోలు పోశాడు. సీసా మూతి సన్నం, చెయ్యి వణికింది, కాస్త సైలెన్సరు మీద ఒలికింది. మోచేతి వరకు కాలింది. అదృష్టం కొద్దీ పక్క బోదెలో నీళ్ళున్నాయి. ఆ చెయ్యి మడవడానికి ఇప్పటికీ ఇబ్బందే. ఆయన సొంత రైతు, కాబట్టి ఈ సంగతి మన దాకా వచ్చింది. కూలీకి కాలితే రాదు. ఆయిలు తెచ్చే పని, పోసే పని, పైపు నోట్లో పెట్టుకుని పీల్చే పని ఎక్కువగా ఎవరితో చేయిస్తున్నామో మనలో ప్రతివాడికీ తెలుసు. “ఒరేయ్, రెండు గుక్కలు లాగరా” అని గట్టు మీద నిలబడి చెప్పే రైతు కూడా మన సభ్యుడే. ఆ గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషికి న్యుమోనియా లాంటి జబ్బు వస్తుంది. పంపు బల్బు ఉన్న పైపు చవకగానే దొరుకుతుంది. కొనండి.

మంచినీళ్ళ సీసాలో పెట్రోలు, డీజిలు ఉంచడం గురించి గట్టిగానే చెబుతున్నాం. దాహంతో వచ్చిన పిల్లవాడికి, చీకట్లో చెయ్యి చాచిన ముసలాయనకు అది సీసాయే. పొరపాటున తాగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు, పాలు పట్టకండి. వాంతిలో అది ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకా కీడు చేస్తుంది. నోరు తుడిచి, 108కి ఫోను చేసి, సీసా కూడా వెంట పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాలి.

సరైన క్యాను ఎలా ఉంటుంది? 20 లీటర్ల ఇనుప జెర్రీ క్యాను మనలో చాలామంది మిలిటరీ జీపుల వెనక చూసే ఉంటారు. దాని పుట్టుక తెలుసుకోదగ్గది. 1930లలో జర్మన్లు సైన్యం కోసం తయారు చేశారు. అదే కాలంలో బ్రిటిషువాళ్ళు పల్చటి రేకు డబ్బాల్లో పెట్రోలు పంపేవాళ్ళు. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో ఆ డబ్బాలు కుదుపులకు అతుకులు ఊడి, పెట్రోలు ఇసుక పాలయ్యేది. శత్రువు క్యాన్లు చిక్కగానే వాటినే వాడుకుని, తర్వాత అచ్చం అలాంటివే చేయించుకున్నారు. జెర్రీ అంటే వాళ్ళ సైనికుల భాషలో జర్మనువాడు. సామ్రాజ్యం కూడా పల్చటి డబ్బాతో పని కాదని నేర్చుకుంది. మనం మాత్రం ఇంకా పామాయిలు డబ్బా దగ్గరే ఉన్నాం.

ఆ క్యానులో చూడాల్సినవి చెబుతాం. రెండు పలకలు కలిపి గట్టిగా వెల్డింగు చేసిన ఒళ్ళు, రబ్బరు వాషరు ఉన్న మూత, బిగించాక తలకిందులు చేసినా చుక్క కారని కొక్కెం, ఆమోదం ముద్ర. పోసేందుకు దానికే బిగించే మూతి గొట్టం ఉండాలి, లేకపోతే గరాటా తప్పదు. నిండు క్యాను డీజిలుతో దాదాపు 20 కిలోలు తూగుతుంది. వరి గట్టు మీద ఒక మనిషి మోయగలిగిన బరువు అంతే, అంతకంటే పెద్దది కొనకండి. స్ప్రేయరు కోసం అయితే అయిదు లీటర్లది చాలు. పెట్రోలుదానికి ఎర్ర రంగు వేసి పెద్ద అక్షరాలతో రాయండి, డీజిలుదానికి వేరే రంగు. ఒకదానిలో పోసింది ఇంకొకదానిలో పొయ్యకండి.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు మన జిల్లాలో ఎంతమందో! అక్కడికి వెళ్ళి వచ్చినవాళ్ళను అడగండి. గడ్డి కోసే మిషను పక్కన గరాజులో ఎర్ర క్యాను చూసే ఉంటారు. అది ప్లాస్టిక్‌దే కావచ్చు, కానీ ఇంధనం కోసమే ప్రమాణం పెట్టి చేసిన ప్లాస్టిక్. అక్కడ 2020లో దీనికోసమే చట్టం చేశారు. బయటి మంట క్యాను లోపలికి దూరకుండా మూతిలో అడ్డు ఉండాలన్నది ఆ చట్టం సారం. పెరట్లో గడ్డి కోసుకునేవాడి క్యాను కోసం అక్కడ చట్టసభ కూర్చుంది. దేశానికి బియ్యం పెట్టే డెల్టాలో రైతు క్యాను గురించి ఒక మండల సమావేశమైనా జరిగిందా?

నింపడంలోనూ మన అలవాట్లు మారాలి. క్యానును బండి మీద, ట్రక్కులో ఉంచి నింపించుకోవద్దు. కింద నేల మీద పెట్టాలి, గొట్టం మూతి క్యాను అంచుకు తగిలి ఉండాలి. ఇంధనం పారేటప్పుడు పుట్టే విద్యుత్తు నేలలోకి పోవడానికే ఇది. చలికాలం ఉన్ని రగ్గు లాగితే చిటపటలాడే నిప్పురవ్వ లాంటిదే అది కూడా. ప్లాస్టిక్ క్యానులో ఆ విద్యుత్తు పోయే దారి ఉండదు. అంచు దాకా నింపకండి, వేడికి ఉబ్బడానికి కాస్త చోటు వదలాలి. క్యానుతో షేరు ఆటో ఎక్కొద్దు, బస్సు సంగతి సరేసరి. ఇంట్లో వంటగది పక్కన, మంచం కింద పెట్టొద్దు. గాలి ఆడే నీడపట్టున, పిల్లలకు అందకుండా, గడ్డివాముకు దూరంగా ఉంచాలి. ఇంజను ఆపి, చల్లారాక పొయ్యాలి. ఒక చుట్ట కాల్చేంతసేపు ఆగితే చాలు, చుట్ట మాత్రం దూరంగా పోయి కాల్చుకోండి. మంట లేస్తే నీళ్ళు చల్లొద్దు, పెట్రోలు నీటి మీద తేలి మంటను పరుస్తుంది. ఇసుక, పొడి మట్టి, లేదా బాగా తడిపిన గోనె కప్పాలి. కాలిన చోట ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు ధారగా పొయ్యాలి. సిరా, పేస్టు రాయొద్దు.

ఖాళీ డబ్బా ఖాళీ కాదు. పాత డ్రమ్మును తొట్టి చేయిద్దామని వెల్డింగు షాపుకు తీసుకెళ్ళే ముందు దీన్ని గుర్తుంచుకోండి. లోపల మిగిలిన ఆవిరి చాలు, డ్రమ్ము బాంబులా పేలడానికి.

మేము అడిగేవి పెద్దవేమీ కావు. ఆమోదం పొందిన 5, 20 లీటర్ల క్యాన్లను రైతు సేవా కేంద్రాల్లో, సహకార సంఘాల్లో సగం ధరకు ఇవ్వాలి. సహకార సంఘాలు పెట్రోలు బంకులు నడుపుకోవచ్చని కేంద్రమే దారి తెరిచింది. అలాంటి ప్రతి బంకులో ముందు ఈ క్యాన్లు పెట్టండి. బస్సు బాడీలు కట్టే విజయవాడ ఆటోనగర్‌కు ఒక ఇనుప క్యాను చెయ్యడం పెద్ద పనా? నాగపూరు ఆమోదం తెప్పించే బాధ్యత పరిశ్రమల శాఖ తీసుకుంటే ఇక్కడి కార్మికులకూ పని దొరుకుతుంది. సరైన క్యానుతో వచ్చిన రైతుకు, కౌలు రైతుకు, మిషను డ్రైవరుకు పాసుపుస్తకం అడగకుండా పొయ్యాలని జిల్లా కలెక్టర్లు రాతపూర్వకంగా బంకులకు చెప్పాలి. పేరు, ఫోను నంబరు, బండి నంబరు పుస్తకంలో రాసుకోమనండి, మాకు అభ్యంతరం లేదు. 2018లోనే పూణెలో బండి మీద డీజిలును వాకిట్లోకి తెచ్చి పోసే పద్ధతి మొదలుపెట్టారు. కోతల నెలన్నర పాటు ఆ బండ్లు మండలానికి రెండు తిరిగితే సగం క్యాన్ల అవసరమే ఉండదు. ఇంధనంతో కాలిన వ్యవసాయ కూలీకి వైద్యం, పరిహారం ప్రభుత్వమే భరించాలి. ఆ కూలీని పనికి పిలిచిన రైతు కూడా చెయ్యి కడుక్కోకూడదు.

మండల కమిటీలు ఈ నెలలో తహసీల్దార్లకు వినతిపత్రాలు ఇస్తున్నాయి. వచ్చేటప్పుడు ప్రతి సభ్యుడూ తన ఇంట్లో డీజిలుకు వాడుతున్న డబ్బాను తీసుకురావాలి. పామాయిలు క్యాను, మందు డబ్బా, గుడ్డ కుక్కిన టిన్ను, ఏది ఉంటే అది. కార్యాలయం వరండాలో వరుసగా పేరుద్దాం, అధికారులు కళ్ళారా చూస్తారు. పెట్రోలు పోసినవి మాత్రం తేవద్దు. డీజిలువైనా ఇంటి దగ్గరే పూర్తిగా ఒంపేసి, మూత గట్టిగా బిగించి తీసుకురండి. వరండాలో ఎవరూ బీడీ వెలిగించొద్దు.